మా ఓడ ఆఖరి పేజీలో వచ్చేది

ఆ రోజుల్లోనే మా అమలాపురంలో జపాను బొమ్మల కథలకు ఒక మహిళా అభిమాన సంఘం ఉండేదని చెబితే మా అమ్మాయి నమ్మదు. నమ్మకపోగా, ఫోను మీది నుంచి కళ్ళెత్తకుండానే ఒక నవ్వు నవ్వుతుంది. దాని ఉద్దేశంలో ఈ పిచ్చి దాని తరంతోనే పుట్టింది. దానికి హైదరాబాదులోనూ, చెన్నైలోనూ, పేరు నోరు తిరగని ఇంకెక్కడెక్కడో స్నేహితురాళ్ళున్నారు. అందరూ ఏడాదికోసారి ఒకచోట చేరి, నీలం జుట్టూ గులాబీ జుట్టూ తగిలించుకుని ఫోటోలు దిగుతారు. ఫలానా కథానాయకుణ్ణి ఫలానా చోట చంపేయడం న్యాయమా అన్యాయమా అని వాదించుకుని వారాల తరబడి మాటలు మానేస్తారు. నేను ఏమీ అనను. పెద్దవాళ్ళం కదా, అనకూడదు. మనసులో మాత్రం, ఓసి పిచ్చిదానా, మీరు చచ్చిపోయినవాళ్ళ గురించి కొట్టుకుంటున్నారు, మా సంఘంలో చచ్చినవాళ్ళని లేపేవాళ్ళం అనుకుంటాను.

మా సంఘం ఆఫీసు బస్టాండు వెనక వీధిలో, ఎరువుల కొట్టు మీద మేడ. కింది నుంచి యూరియా వాసన, పైన కొత్త గుడ్డల వాసన. అక్కడ మిషను వదిన కుట్టు నేర్పేది. (ఎవరికి వదిన అంటే చెప్పలేను. ఆవిడ కుట్టిన జాకెట్టు తొడుక్కున్న ప్రతి ఆడదానికీ వదినే.) డిగ్రీ అయిపోయి, బీఎడ్ సీటో పెళ్ళి సంబంధమో ఏది ముందొస్తే దానికి సిద్ధంగా కూర్చున్న ఆడపిల్లల్ని మా వైపు కుట్టుకి పంపేవారు. హైస్కూలు మాస్టారైన మా నాన్నగారు నన్నూ అలాగే పంపారు. నేను కుట్టిన మొదటి లంగాని మా అమ్మ మారుమాట్లాడకుండా దిండు గలీబు చేసేసింది. అయినా మేడమీద నాకో గౌరవం ఉండేది. ఆదివారాలు చర్చిలో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి, బొమ్మల చార్టు పట్టుకుని కథలు చెప్పేదాన్ని. అందుకని అందరూ నన్ను టీచరక్క అనేవారు. బొమ్మ ఒకటి చూపిస్తే చాలు, దాని ముందూ వెనకా కథ అల్లేయడం నాకు దేవుడిచ్చిన వరం. తర్వాత జరిగినదానికంతటికీ ఆ వరమే కారణం.

మిగతా సభ్యుల్లో ముఖ్యులు ఇద్దరు. ఒకర్తె అంబాజీపేట కొబ్బరి వర్తకుడి కూతురు. దాన్ని కురిడీ అనేవాళ్ళం. ఎండిన కురిడీ కాయను ఊపితే లోపల కొబ్బరి లొడలొడలాడుతుంది చూడండి, ఇదీ అంతే. చిన్నగా, గుండ్రంగా ఉండి, కదిపితే చాలు మోగేది. రెండోది కువైట్ పిల్ల. కువైట్ దాని కంటితో చూసి ఎరగదు. కాట్రేనికోన దాటి సముద్రం ఒడ్డుకి వెళ్ళి కాళ్ళు తడుపుకుని రావడమే దాని విదేశీయానం. కువైట్‌లో ఉన్నది వాళ్ళమ్మ. ఈ పిల్ల ఏడో తరగతిలో ఉండగా అమ్మమ్మ దగ్గర వదిలేసి, అక్కడ ఒక ఇంట్లో పనికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు రెండేళ్ళు అంది. ఆ రెండేళ్ళు సాగి సాగి, పిల్ల ఇంటరు తప్పి మళ్ళీ కట్టే దాకా వచ్చాయి. ప్రతి శుక్రవారం ఎదురింటివాళ్ళ ఫోనుకి ఆవిడ ఫోను చేసేది. "సెలవిస్తామన్నారే, ఈసారి వచ్చేస్తాను" అనేది. శనివారం మేడమీదికి వచ్చి ఈ పిల్ల అదే మాట మాకు అప్పజెప్పేది. మేము "ఆయ్, ఇంకేం మరి" అనేవాళ్ళం. అనడం తప్ప మా చేతుల్లో ఏముంది?

ఒక వేసవిలో ఎవరో ఊరికి వస్తుంటే వాళ్ళ చేత ఆవిడ ఒక పెట్టె పంపింది. పాలపొడి డబ్బాలు, సబ్బులు, తలనొప్పి మందు, ఒక గాజు పళ్ళేల సెట్టు. ఆ పళ్ళేలు పగలకుండా మధ్యమధ్య కుక్కిన చిత్తు కాగితాల్లో ఒక పుస్తకం. ఆ ఇంటి ఆడపిల్ల చదివి పారేసింది కాబోలు. రెండు అట్టలూ ఊడిపోయి, పొట్టిగా, పంచాంగం కన్నా లావుగా ఉంది. లోపల అన్నీ నల్లసిరా బొమ్మలు. మాటలున్న చోటల్లా కొబ్బరి చీపురు విప్పి పుల్లలు పారబోసినట్టు అక్షరాలు. మనుషులు మోకాళ్ళు మడిచి కూర్చుని గిన్నెల్లోంచి పుల్లలతో తింటున్నారు కాబట్టి చైనా అన్నా అయి ఉండాలి, జపాను అన్నా అయి ఉండాలి. కుట్టు మిషన్లు జపానువే మంచివి గనక ఇది జపానే అని వదిన తేల్చేసింది. కువైట్ పిల్ల దాన్ని ఒక జాకెట్టు ముక్కలో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అక్కా, ఇదేంటో నువ్వే చెప్పాలి. అమ్మ ఉండే ఇంట్లోంచి వచ్చింది కదా" అంది.

అమ్మ ఉండే ఇంట్లోంచి అన్నాక కాదనడం ఎవరి తరం? చార్టు పట్టుకోవడం అలవాటైన చేతులు కనుక దర్జాగా మొదటి పేజీ తెరిచాను. మొదటి పేజీ అంటే, ఎడమవైపు అట్ట ఉండాల్సిన చోట ఉన్న పేజీ. తెలుగు పుస్తకం అలాగే తెరుస్తాం, ఇంగ్లీషు పుస్తకం అలాగే తెరుస్తాం, రేషను కార్డయినా అలాగే తెరుస్తాం. కుడిపక్క నుంచి మొదలయ్యే పుస్తకం ఒకటి ఈ భూమి మీద ఉండవచ్చునన్న అనుమానం ఆ మేడమీద ఒక్కరికీ రాలేదు. డిగ్రీలో నాకు ఫస్టు క్లాసు వచ్చింది, ఈ సంగతి కూడా ఇక్కడే చెప్పడం మంచిది.

మొదటి పేజీలో వాన. వానలో సమాధి. సమాధి ముందు కత్తి పట్టుకుని ఒక నడివయసు ఆడమనిషి, చెంప మీద పెద్ద గాటు. ఆ సమాధి ఆవిడ గురువుగారిది అని చెప్పాను. తడుముకోలేదు. ఆ తర్వాత నుంచీ అద్భుతాలు మొదలయ్యాయి. ఒక బొమ్మలో ఎవడో నేలమీద చచ్చి పడి ఉన్నాడు. తర్వాతి బొమ్మలో వాడి గుండెల్లో కత్తి ఉంది. ఆ తర్వాతి బొమ్మలో కత్తి ఆవిడ చేతిలో ఉంది, వాడు నిక్షేపంలా నిలబడి ఆవిడ మీద అరుస్తున్నాడు. నేను ఒక్క క్షణం ఆగాను. నాలుగు మిషన్లూ ఆగాయి.

"లేపింది" అన్నాను.

"ఎవర్నక్కా?" అంది కురిడీ.

"వాణ్ణే. అది మామూలు కత్తి కాదే, సంజీవని కత్తి. చచ్చినవాడి గుండెల్లోంచి లాగితే ప్రాణం వచ్చేస్తాది."

"మరి బతికించినావిడ మీద అలా అరుస్తాడేంటి?"

"ఎవరికి మేలు చేసినా అంతేనే" అంది మిషను వదిన, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

అంతే, అక్కడి నుంచి కథకు ఎదురు లేకుండా పోయింది. పేజీ తిప్పితే చాలు, చచ్చినవాళ్ళు లేస్తున్నారు, కాలిన ఊళ్ళు ఆరిపోయి పచ్చబడుతున్నాయి, విరిగిన వంతెనలు అతుక్కుంటున్నాయి. చచ్చినవాళ్ళు లేవడం మా చర్చి కథల్లో మామూలే. కురిడీ వాళ్ళ అమ్మమ్మ చెప్పే పురాణాల్లోనూ మామూలే. ఈ ఒక్క విషయంలో ఊళ్ళోని రెండు మతాలూ ఆ మేడమీద ఏకమయ్యాయి. చిక్కల్లా ఆవిడ వయసు దగ్గర వచ్చింది. పుస్తకం ముందుకు పోతున్న కొద్దీ ఆవిడకి వయసు తగ్గిపోతోంది. ముందు చెంప మీద గాటు పోయింది, తర్వాత పడుచు పిల్లయింది, ఆ తర్వాత లంగా వేసుకునే ఈడుకి వచ్చింది. నేను ఒక పూట ఆలోచించి, ఒక్కొక్కరిని లేపినందుకు దేవుడు ఆవిడకి కొంత వయసు తిరిగి ఇచ్చేస్తున్నాడని చెప్పాను. ఆ మాటకి వదిన చాలాసేపు మిషను తొక్కడం మానేసింది. ఇక అక్కడక్కడా పేజీల అడుగున వేసిన అంకెలు తగ్గుతూ పోవడం నాకే కొంచెం ఇబ్బందిగా ఉండేది. దానికి కురిడీ సమాధానం చెప్పింది. "రాకెట్టు వదిలే ముందు అంకెలు వెనక్కి లెక్కెడతారు కదక్కా, అలాగ. ఇంకెంత మిగిలిందో తెలవాలి కదా. జపానోళ్ళు పద్ధతి గలవాళ్ళండి" అంది. ఆహా అనుకున్నాం.

చివరికి వచ్చేసరికి ఆవిడ చిన్నపిల్లయిపోయి, రేవులో నిలబడి ఏడుస్తూ పరుగెడుతోంది. ఎదురుగా ఓడ. ఓడలో తల్లి, చేతిలో మూట. తర్వాతి బొమ్మలో తల్లి రేవులో దిగి ఉంది, పిల్ల ఆవిడ నడుము చుట్టేసుకుంది. ఆ తర్వాత ఇల్లు. తల్లి పిల్లని ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. ఆఖరి పేజీలో ఒకే గిన్నెలో అన్నం, ఇద్దరూ నవ్వుతున్నారు. అంతమందికి ప్రాణం పోసిన పుణ్యానికి పోయిన బాల్యం వచ్చింది, దూరమైన తల్లి ఓడెక్కి వచ్చేసింది, శుభం. ఆ రోజు మేడమీద కళ్ళు తుడుచుకోని ఆడది లేదు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ కూడా ఏడ్చి, కొలతలివ్వడం మరిచిపోయి వెళ్ళిపోయింది.

అలా మొదలైంది మా సంఘం. శనివారం మధ్యాహ్నం పారాయణ. చేతిపని మాత్రం ఆపకూడదని వదిన నియమం పెట్టింది, అందుకని అందరూ హెమ్మింగు కుడుతూ వినేవారు. (ఆ ఏడాది మా మేడమీది చీరల అంచులు కొన్ని చోట్ల వంకర పోయాయి. కత్తి లాగిన చోట్లవి.) సంఘానికి యూనిఫారం కూడా వచ్చింది. ఆ కథలో ఆవిడ తొడుక్కున్న అంగీ చేతులు సంచుల్లా వేలాడేవి. వదిన వాటిని జాకెట్టుకి దింపింది. జపాను చేతులు అని పేరు పెట్టింది. మొదట మేము తొడుక్కున్నాం, తర్వాత పేరంటాలకి వచ్చినవాళ్ళు చూసి అడగడం మొదలుపెట్టారు. కొత్తపేట నుంచి కూడా కుట్టించుకోవడానికి వచ్చారంటే చూడండి. ఒకటే లోపం, విస్తట్లోకి చెయ్యి చాపగానే ఆ చేతులు పప్పుచారులో మునిగేవి. ఇంకో విశేషం, మాకొక సంకేత భాష ఏర్పడింది. ఏ మంచి కబురు వచ్చినా "ఓడ వచ్చింది" అనేవాళ్ళం. కురిడీ వాళ్ళ అక్కకి కాన్పయితే ఓడ వచ్చింది. గ్యాసు బండ వస్తే ఓడ వచ్చింది. నాకు బీఎడ్ సీటు వచ్చినప్పుడు కూడా మేడ మెట్ల మీద నుంచే "ఓడొచ్చిందే!" అని అరిచాను, కింద ఎరువుల కొట్టాయన ఎవరో పెద్ద చుట్టం దిగాడనుకుని బయటికి వచ్చి చూశాడు.

కువైట్ పిల్లకి మాత్రం అది సంకేతం కాదు. పారాయణ అయిపోయాక పుస్తకం తీసుకుని, ఆఖరి నాలుగు పేజీలూ మళ్ళీ ఒక్కర్తే చూసుకునేది. ఒకసారి నేను జడ వేస్తానంటే వద్దంది. "అమ్మ వచ్చి దువ్వుద్దిలే అక్కా. దాందాకా నేనే అల్లుకుంటాను" అంది. ఆ జడ ఎప్పుడూ ఓ పక్కకి వంకరగా ఉండేది. పుస్తకంలో తల్లి వచ్చింది కనుక తన తల్లీ వస్తుందని ఆ పిల్ల గట్టిగా నమ్మింది. నమ్మించింది నేను. ఆ ఆఖరి పేజీ తారుమారైతే ఆ పిల్ల ఏమైపోతుందోనన్న ఆలోచన అప్పట్లో మాకు లేదు. అచ్చయిన పేజీ తారుమారవుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

అలాంటి రోజుల్లో ఒకనాడు కురిడీ మెట్లన్నీ మోగించుకుంటూ పైకి వచ్చింది. "టీవీలో మన ఆవిడ! పిల్లల ఛానెల్లో! తెలుగులో మాట్లాడుతంది!" నిజమే. ఆ గాటు, ఆ అంగీ, ఆ కత్తి. రేపటి నుంచి రోజూ సాయంత్రం అయిదింటికి అని ప్రకటన. మర్నాడు నాలుగున్నరకే అందరం జపాను చేతులు తొడుక్కుని, కుట్టు గది పక్కనే ఉన్న వదిన ఇంట్లో టీవీ ముందు బారులు తీరాం. ఎవరో కొబ్బరి లౌజు కూడా తెచ్చారు. బొమ్మ పడింది. గిన్నెలో అన్నం, తల్లీ కూతురూ నవ్వుతున్నారు.

"ఇదేంటి, ఆఖరి పేజీతో మొదలెట్టేరు?" అంది కురిడీ.

తర్వాత తల్లి తల దువ్వింది. తర్వాత మూట కట్టుకుంది. తర్వాత రేవు, ఓడ. తల్లి ఓడ ఎక్కింది. పిల్ల ఏడుస్తూ పరుగెత్తింది. నేను ఆ బొమ్మకి ఎన్నో శనివారాల నుంచి "అమ్మా, వచ్చేవా అమ్మా!" అని గొంతు పెట్టి చెబుతున్నాను. టీవీలో పిల్ల "అమ్మా, వెళ్ళొద్దమ్మా!" అంది. ఓడ చిన్నదైపోయి, చుక్కయిపోయింది. గదిలో ఎవరూ లౌజు ముట్టలేదు.

కువైట్ పిల్ల లేచి నిలబడింది. "తప్పు వేసేరు" అంది. "ఎనక నుంచి వేసేస్తన్నారు. కేబులాయన క్యాసెట్టు తిరగేసి పెట్టేడు."

ఒట్టు, ఆ క్షణంలో మాకందరికీ అదే న్యాయంగా తోచింది. ఎన్ని పారాయణలు చేశాం! ఆ కథ మా కన్నా కేబులాయనకి ఎక్కువ తెలుసా? కానీ రెండో రోజు మా సంజీవని కత్తి ఒకడి గుండెల్లోకి దిగింది. వాడు లేవలేదు. మూడో రోజు ఊరు తగలబడింది. వదిన మొహం పక్కకి తిప్పుకుంది. మర్నాడు మధ్యాహ్నం కువైట్ పిల్ల రాకముందు నేను పుస్తకం తీసి, మొదటిసారి కుడిపక్క నుంచి తెరిచి చూశాను. అంకెలు బుద్ధిగా పెరుగుతూ వెళ్ళాయి. తల్లి వెళ్ళింది, ఊరు కాలింది, పిల్ల కత్తి పట్టింది, ఒక్కొక్కణ్ణే చంపుకుంటూ పెద్దదైంది, చెంప మీద గాటు పడింది. చివర వానలో సమాధి. అది ఏ గురువుగారిదీ కాదని ఇక వేరే చెప్పక్కర్లేదు. నా భుజం మీది నుంచి కురిడీ చూస్తోంది. జీవితంలో మొదటిసారి ఆ కాయ మోగలేదు. వదిన వచ్చి చూసి "మూసెయ్యి" అంది. మూసేశాను. ఎవరూ ఏమీ అనుకోలేదు గానీ, టీవీ వాళ్ళదే తప్పు అని ఆ నిమిషంలోనే మా సంఘం తీర్మానించేసింది.

అందుకే కువైట్ పిల్ల కేబులాయనతో పోట్లాడడానికి వెళ్దామంటే అందరం కట్టగట్టుకుని బయల్దేరాం. ఆయన గది సినిమా హాలు పక్క సందులో ఉండేది. చుట్టూ వైర్ల చుట్టలు, మధ్యలో ఆయన, ముందు చల్లారిపోయిన టీ గ్లాసు. అంతమంది ఆడవాళ్ళం సంచుల్లాంటి చేతులు ఊపుకుంటూ లోపలికి వచ్చేసరికి పాపం లేచి నిలబడి "రండమ్మా, రండి. ఏంటండీ, బొమ్మ రావట్లేదాండీ?" అన్నాడు.

"బొమ్మ వస్తందండి. ఎనక నుంచి వస్తంది" అంది కువైట్ పిల్ల.

"ఎనక నుంచి అంటేనండీ?"

"అయిదింటి బొమ్మండి. ఆఖరిది ముందేసేరు. చూడండి, పుస్తకం ఉంది మా దగ్గర." పుస్తకం తెరిచి మేము చదివే ఎడమపక్క నుంచి చూపించింది. మేము వెనక నుంచి కోరస్ అందుకున్నాం. నేను "ఇది చాలా అన్యాయమండీ" అన్నాను. కురిడీ "మా నాన్నగారితో చెప్తాం" అంది. (వాళ్ళ నాన్నగారికి కేబుల్ కనెక్షనే లేదు.) వదిన "ఆడపిల్లలు చూసే బొమ్మ కదండీ, కాస్త చూసుకుని వెయ్యాలి" అని మందలించింది.

ఆయన తల గోక్కున్నాడు. "అమ్మా, నేను వేసేది ఏదీ లేదండి. పైనుంచి వస్తాదండి, నేను ఇలా వదిలేస్తానంతే. అయినా బొమ్మ తిరగబడితే మాటలు కూడా తిరగబడాలి కదండీ? మాటలు బానే వస్తన్నాయాండీ?"

మా కోరస్ ఆగిపోయింది. కువైట్ పిల్ల ఒక్కర్తే పుస్తకం గుండెలకి అదుముకుని "మాటలు కూడా తప్పే వస్తన్నాయండి" అంది. "ఆ ఓడ వచ్చేదండి. వెళ్ళేది కాదు. మా అమ్మ పంపింది ఈ పుస్తకం, కువైట్ నుంచి."

కేబులాయన దాని మొహం వంక చూశాడు. తర్వాత మా మొహాల వంక చూశాడు. మా మొహాల్లో ఏం కనబడిందో గానీ, టీ గ్లాసు పక్కకి జరిపి నెమ్మదిగా "మా ఇంటావిడ మస్కట్‌లో ఉంటాదండి" అన్నాడు. "ఆయ్. మీరన్నది నిజమేనండి. ఏదో తిరగబడింది. పైవాళ్ళతో నేను మాట్లాడతానండి. అందాకా ఆ బొమ్మ ఆపేస్తాను" అన్నాడు.

ఆపేశాడు కూడా. మర్నాటి నుంచి సాయంత్రం అయిదయ్యేసరికి ఆ ఛానెల్లో బంగారు కొట్ల ప్రకటనలు, ట్యూషన్ల ప్రకటనలు, ఒక రొయ్యల మేత ప్రకటన వచ్చేవి. ఊళ్ళో పిల్లలందరూ ఆయన గది ముందు ధర్నా చేసినంత పని చేశారు. "పైన ట్రబులండి" అని ఎవరు అడిగినా అదే మాట. ఆ కథ మొత్తం అయిపోయేదాకా మా ఊరికి పైన ట్రబులే. మేము మళ్ళీ శనివారం పారాయణలోకి దిగాం. నేను ఎడమపక్క నుంచే చెప్పాను. అంతకు ముందు కన్నా బాగా చెప్పాననే అనుకుంటాను. అంతకు ముందు నాకు కథ తెలియక చెప్పాను, ఇప్పుడు తెలిసి చెప్పాలి కదా, మరి అది కష్టం.

ఆ చలికాలంలో వాళ్ళమ్మ నిజంగానే వచ్చింది. ఓడ మీద కాదు, హైదరాబాదు బస్సు మీద, నీలం తాళ్ళు బిగించిన పెట్టెలతో. శనివారం కూతురు ఆవిడని మేడమీదికి లాక్కొచ్చింది. సన్నగా, నెమ్మదిగా ఉన్న మనిషి. అందరికీ తలో సెంటు సీసా పెట్టి, "మా పిల్లని కనిపెట్టుకుని ఉన్నారంటండి, మీ రుణం తీర్చుకోలేనండి" అంది. కువైట్ పిల్ల పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. "ఇదేనమ్మా మా పుస్తకం."

"అయ్యో, ఇదా! ఆ ఇంట్లో పెద్దపాప దీన్ని పట్టుకుని ఎంత ఏడ్చేదో" అంటూ ఆవిడ పుస్తకం అందుకుంది. బొటనవేలు దానంతటదే కుడి అంచుకి వెళ్ళింది. అటునుంచి తెరిచింది. మేడమీద సూదులన్నీ గాల్లో ఆగిపోయాయి.

"అటు కాదమ్మా, ఇటు నుంచి" అంది కూతురు, పుస్తకం తిప్పి పెడుతూ.

ఆవిడ కూతురి మొహం చూసింది. ఊపిరి బిగబట్టి కూర్చున్న మమ్మల్ని ఒక్కసారి కలయజూసింది. "ఆయ్. నాకేం తెలుస్తాదే. నువ్వు చెప్పు, వింటాను" అని గుడ్డముక్కల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఆ రోజు కథ నేను చెప్పలేదు. కువైట్ పిల్ల చెప్పింది. సమాధి దగ్గర మొదలుపెట్టి, చచ్చినవాళ్ళందరినీ లేపి, ఊళ్ళన్నీ పచ్చగా చేసి, ఓడని రేవులోకి తెచ్చింది. ఆవిడ ఎక్కడా అడ్డు చెప్పలేదు. మధ్యమధ్య "ఆయ్", "ఆయ్" అంటూ వింది. ఆఖరి పేజీ అయ్యాక "అయితే వచ్చేసిందన్నమాట" అని, కూతుర్ని ముందుకి లాక్కుని, ఆ వంకర జడ విప్పి, వేళ్ళతోనే దువ్వడం మొదలుపెట్టింది. వదిన పక్క గదిలోకి వెళ్ళి దువ్వెన తెస్తానని చెప్పి ఎంతకీ రాలేదు. నేను లోపలికి వెళ్ళి చూస్తే, చేతిలో దువ్వెన పెట్టుకుని, జపాను చేతుల్లో మొహం దాచుకుని కూర్చుని ఉంది. ఆ చేతులు దేనికైనా పనికొచ్చాయంటే అప్పుడే.

సెలవు అయిపోయాక ఆవిడ మళ్ళీ వెళ్ళిపోయింది. వెళ్ళక తప్పదు కదా. బస్సు ఎక్కించి నేనూ కువైట్ పిల్లా నడిచి వస్తున్నాం. ఏం చెప్పాలో తెలియక, టీవీవాళ్ళు ఆ బొమ్మ ఇంకా సరిచెయ్యలేదట అని ఏదో అన్నాను.

"అక్కా, అంకెలు లెక్కెట్టడం నాకూ వచ్చు" అంది.

నేను ఆగిపోయాను. "ఎప్పటి నుంచే?"

"కత్తి లోపలికి దిగింది చూడు, ఆ రోజు నుంచి. కేబులాయన దగ్గరికి వెళ్ళేటప్పటికే తెలుసు. కానీ మీరందరూ నా కోసం అంత గట్టిగా అరుస్తంటే, కాదని ఎలా అనను? వదిన అయితే ఆయన్ని తిట్టేసింది కూడా." కాసేపు నడిచి, "అయినా మనం చదివిందే బావుంటాదక్కా" అంది.

ఆలోచించుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ పిల్ల కోసం మేము, మా కోసం ఆ పిల్ల, అందరి కోసం కేబులాయన, కూతురి కోసం ఆ తల్లి. ఒక్కరు నోరు జారినా అయిపోయేది. కోనసీమ మర్యాదలు పుస్తకాల్లో రాస్తారు గానీ, ఇంత దూరం పోతాయని ఎవరూ రాసినట్టు లేదు. తర్వాత నేను బీఎడ్‌కి వెళ్ళిపోయాను, కురిడీకి పెళ్ళయింది, జపాను చేతుల ఫ్యాషను పోయి పొట్టి చేతులు వచ్చాయి. సంఘం రద్దయిందని ఎవరూ ప్రకటించలేదు, అలా ఆగిపోయిందంతే. చాలా ఏళ్ళకి, నేను క్లాసులో హాజరు పిలుస్తుండగా ఫోను మోగింది. క్లాసులో ఫోను ఎత్తకూడదని పిల్లలకి నేనే చెబుతాను. పేరు చూసి ఎత్తాను. అటునుంచి ఒక్కటే మాట.

"అక్కా, ఓడ వచ్చేసింది. ఇంక వెళ్ళదంట."

ఆ రోజు మిగతా హాజరు పిలవలేదు. అందరికీ వచ్చినట్టే వేసేశాను.

మొన్న మా అమ్మాయి స్నానానికి వెళ్తే, మంచం మీద పడేసిన దాని జపాను పుస్తకం ఒకటి చేతికి దొరికింది. ఎడమపక్క నుంచి తెరిచి చదువుకుంటున్నాను. ఎవరో కుర్రాడు చచ్చి పడి ఉన్నాడు, మెల్లగా లేస్తున్నాడు. అది తల తుడుచుకుంటూ వచ్చి, "అమ్మా! అలా కాదు, అటునుంచి చదవాలి. నీకు తెలీదులే" అంది.

"ఆయ్. నాకేం తెలుస్తాదే" అన్నాను, పేజీ తిప్పుతూ. వాణ్ణి ముందు ఇంటికి చేర్చాలి కదా.